హవోడ్ రాగి కర్మాగారం – ఒక స్థలం చరిత్ర



ప్రత్యేక సంచికకు విదేశ ప్రయాణం గురించి ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. విమానం ఎక్కిన సంగతి, చలికి రెండేసి స్వెట్టర్లు తొడుక్కున్న సంగతి మనలో చాలామంది ఇదివరకే రాసేశారు. పిల్లలు పైదేశాలలో ఉన్నవారికి అవి కొత్తా కాదు. అందుచేత వాటి జోలికి పోకుండా, మా అమ్మాయి, అల్లుడు కాపురముంటున్న స్వాన్సీ పట్టణంలోని ఒక పాత రాగి కర్మాగారం గురించి, ఆ స్థలం తరువాత ఏమైంది అన్నదాని గురించి రాస్తున్నాను. ముప్పై రెండేళ్లు రెవెన్యూ శాఖలో భూముల ఫైళ్లతో గడిపినవాణ్ణి. ఎక్కడ ఖాళీ స్థలం కనిపించినా, ఇది ఎవరిది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చింది అని ఆరా తీయడం ఉద్యోగం వదిలినా నన్ను వదలలేదు. అక్కడి మ్యూజియంలోనూ, లైబ్రరీలోనూ కూర్చుని, నదీతీరాన తిరిగి తెలుసుకున్న సంగతులివి.

స్వాన్సీ బ్రిటన్ పడమటి భాగమైన వేల్స్ దేశంలో సముద్రం ఒడ్డున ఉంది. తావే అనే చిన్న నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. వేల్స్ వారి భాషలో ఊరి పేరు అబెర్తావే, అంటే తావే నది మొగ అని అర్థం. నది ఒడ్డున ఊరికి కొంచెం ఎగువన ఉన్నది హవోడ్. ఇంగ్లీషు అక్షరాలలో చూస్తే హఫోడ్ అని ఉంటుంది, కానీ వారి భాషలో ఒంటి ఎఫ్‌ను వ అని పలుకుతారట. నేను హఫోడ్ అన్నప్పుడల్లా మనుమరాలు సరిదిద్దుతూ వచ్చింది. ఆ మాటకు అర్థం, వేసవిలో పశువులను మేపడానికి వెళ్లినప్పుడు ఉండే పాక అని. ఆ సంగతి గుర్తుంచుకుని తరువాతి కథ చదవాలి.

రాగి ఖనిజం స్వాన్సీలో దొరకదు. అది కార్న్‌వాల్‌లో, అంటే సముద్రపు పాయకు అవతల ఒడ్డున దొరికేది. మరి కర్మాగారం ఇక్కడెందుకు? ఆ రోజుల్లో ఒక టన్ను ఖనిజాన్ని కరిగించాలంటే అంతకు మూడింతలో, ఇంకా ఎక్కువో బొగ్గు కావాలి. బొగ్గు స్వాన్సీలో కొండలనిండా ఉంది. బరువు తక్కువదాన్ని బరువు ఎక్కువదాని దగ్గరకు మోసుకెళ్లడం లాభం. అందుకని ఖనిజం ఓడలలో బొగ్గు దగ్గరకు వచ్చింది. అవే ఓడలు తిరుగు ప్రయాణంలో కార్న్‌వాల్ గనులలో నీళ్లు తోడే ఆవిరి యంత్రాలకు బొగ్గు తీసుకుపోయేవి. ఉత్త చేతులతో తిరిగి వెళ్లే ఓడ లేదన్నమాట. 1717లో ఆ లోయలో మొదటి రాగి కర్మాగారం వెలిసింది. 1737లో నదికి ఆవలి ఒడ్డున వైట్ రాక్ అనేది వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం తొలి రోజులకు బ్రిటన్‌లో కరిగించే రాగిలో దాదాపు 90 శాతం స్వాన్సీ చుట్టూ 20 మైళ్ల లోపలే తయారయ్యేది. ఊరికి 'కాపరోపోలిస్' అని మారుపేరు పడింది. రాగిపట్నం అనుకోండి.

మన హవోడ్ కర్మాగారం 1810లో మొదలైంది. యజమాని జాన్ వివియన్, కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఖనిజ వ్యాపారి. పని చూసినవాడు అతని కుమారుడు జాన్ హెన్రీ వివియన్. ఈయన లోహశాస్త్రం చదువుకున్నవాడు, గట్టివాడు. పక్కనే కొన్నేళ్లకు మోర్వా అనే ఇంకొక పెద్ద కర్మాగారం మరో కంపెనీవారిది వచ్చింది. రెండింటికీ నడుమ ఒక గోడ, వందేళ్ల పోటీ.

ఇక పని ఎలా జరిగేదో చెప్పాలి. ఇది నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకున్న భాగం, కాస్త నిదానంగా చెబుతాను. మన వైద్యులు లోహాలకు పుటాలు పెట్టడం మీకు తెలిసిందే. ఇదీ అలాంటిదే, పెద్ద ఎత్తున. మంట ఒక గదిలో, ఖనిజం పక్క గదిలో. మంట నాలుక పైకప్పుకు తగిలి కిందికి వంగి ఖనిజాన్ని వేడిచేస్తుంది. బొగ్గు ఖనిజాన్ని ముట్టుకోదు కనుక బొగ్గులోని మలినం రాగిలోకి పోదు. ముందు ఖనిజాన్ని కాల్చి గంధకాన్ని కొంత వెళ్లగొడతారు. తరువాత కరిగిస్తారు. పైకి తేలిన చిట్టెం తీసి పారబోస్తారు. అడుగున మిగిలినదాన్ని నీళ్లలో పోసి రవ్వలు చేసి మళ్లీ కాలుస్తారు, మళ్లీ కరిగిస్తారు. ఇలా ఎన్నో దఫాలు. చివరికి వచ్చే రాగి మీద బొబ్బలు లేచి ఉంటాయి.

దాన్ని శుద్ధి చేసేవాడు కర్మాగారంలో అందరికంటె పెద్ద పనివాడు. కరిగిన రాగిలోకి పచ్చి చెట్టు మానును దించుతారు. పచ్చి కర్రలోని చెమ్మ, వాయువులు లోహాన్ని తెర్లించి, అందులో చేరిన ఆమ్లజనిని తీసేస్తాయి. కర్ర తక్కువసేపు ఉంచితే రాగి పెళుసు. ఎక్కువసేపు ఉంచినా పెళుసే. ఎప్పుడు ఆపాలి? దానికి గడియారం లేదు, మీటరు లేదు. చిన్న గరిటెతో కొంచెం తీసి, చల్లార్చి, సగానికి కోసి, వంచి విరిచి, విరిగిన చోట రంగూ పోగూ చూసి చెప్పేవాడు. ఆ కన్ను తండ్రి నుంచి కొడుక్కు రావలసిందే. మన కంసాలి గీటురాయి మీద గీత చూసి బంగారం వన్నె చెప్పినట్టు.

ఈ రాగికి మన దేశంతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ బ్రిటన్ రాగిని పెద్ద మొత్తాలలో కొని మన దేశానికి ఎగుమతి చేసేది. అంతకుముందు మన బజారుల్లో జపాను రాగికి మంచి పేరు ఉండేది. అది చిన్న చిన్న కడ్డీలుగా, ఎర్రటి పైమెరుగుతో వచ్చేది. అందుకని బ్రిటన్‌లోని కర్మాగారాలవారు కూడా తూర్పుదేశాల వ్యాపారం కోసం అటువంటి కడ్డీలే పోతపోసి, వేడిమీదనే నీళ్లలో ముంచి ఆ ఎరుపు తెప్పించి, దానికి 'జపాన్ కాపర్' అనే పేరే పెట్టారు. పరాయి సరుకు పేరుతో సరుకు అమ్మడం ఈనాటి విద్య కాదు సుమండీ! మన ముత్తాతల కాలంలో రాగి చెంబులు, బిందెలు చేసిన కంచరివారి చేతికి ఈ కడ్డీలు కూడా వచ్చి ఉంటాయని నా ఊహ.

ఇంకొక సంబంధం ఇంత ముచ్చటైనది కాదు. వైట్ రాక్ కర్మాగారంలో మనిల్లాలనే కడియాలు తయారుచేసేవారు. పడమటి ఆఫ్రికాలో మనుషులను కొనడానికి అవి డబ్బుగా చెల్లేవి. 1830ల తరువాత క్యూబా దేశపు గనుల నుంచి స్వాన్సీకి ఖనిజం వచ్చింది. బ్రిటన్ తన వలసలలో బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1833లో చట్టం చేసింది. కానీ ఆ క్యూబా గనులలో బ్రిటిష్ కంపెనీ కింద బానిసలు పనిచేస్తూనే ఉన్నారు, ఆ ఖనిజం ఈ కొలుములలో కరుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ ఊరి చరిత్రకారులు ఈ సంగతి దాచకుండా రాస్తున్నారు. అది నాకు నచ్చింది.

పొగ సంగతికి వస్తాను. గంధకం కాలిన పొగ లోయనంతా కమ్మేసేది. అందులో ఆర్సెనిక్ విషం కూడా ఉండేది. పొలాలలో గడ్డి మాడిపోయింది, పశువులకు కీళ్లు వాచాయి. రైతులు మొరపెట్టుకున్నారు. పొగకు విరుగుడు కనిపెట్టినవారికి బహుమతిగా ఇవ్వడానికి 1820ల మొదట్లో 1,000 పౌండ్ల నిధి పోగుచేశారు. వివియన్ కూడా సొంత డబ్బు ఖర్చుపెట్టి పొడవాటి పొగగొట్టాలు, నీటి జల్లులు పెట్టి ప్రయోగాలు చేశాడు. మైకేల్ ఫారడే అంతటివాణ్ణి సంప్రదించాడు. పొగ కొంత తగ్గింది, పోలేదు. 1833లో ఒక రైతు వేసిన దావా విచారణకు వచ్చింది. రైతు ఓడిపోయాడు. ఊరికి అన్నం పెడుతున్న పొగ ఇది అన్న వాదమే నెగ్గింది. అప్పటికి ముందటి సంవత్సరమే జాన్ హెన్రీ వివియన్ స్వాన్సీ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1855లో చనిపోయేదాకా సభ్యుడుగానే ఉన్నాడు. 1854లో ఊళ్లోని ఒక వైద్యుడు, ఈ పొగ ఆరోగ్యానికి హాని చేయదని నివేదిక కూడా రాశాడు. నివేదిక ఎవరికి కావలసినట్టు వారికి వస్తుందన్న సంగతి ఆఫీసులలో పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా?

అయితే ఆ ఇంటివారిని పూర్తిగా దుర్మార్గులుగా చూపడం న్యాయం కాదు. కార్మికులకు ఇళ్లు కట్టించారు, పిల్లలకు బడులు పెట్టారు. ఆ పేట వీధులలో కొన్నింటికి ఇప్పటికీ వారి కుటుంబం పేర్లే ఉన్నాయి. 1860లలో తరువాతి తరం వివియన్ కొత్తరకం కొలుములు తెప్పించి గంధకపు పొగను ఆమ్లంగా మార్చి అమ్మడం మొదలుపెట్టాడు. అంతదాకా గాలిలో కలిసిపోయింది డబ్బే అన్నమాట! రైతు దావాకు లొంగని పొగ లెక్కల పుస్తకానికి లొంగింది. మరో పక్క కొలిమి పనివారికి వారాంతంలో 24 గంటల షిఫ్టు ఉండేది. దాన్ని వారు 'పెద్ద కాపలా' అనేవారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి కథ తిరగబడింది. గనులున్న దేశాలవారు, చిలీవారు, అమెరికావారు, ఆస్ట్రేలియావారు, తమ దగ్గరే కరిగించడం నేర్చుకున్నారు. నేర్పినవారిలో స్వాన్సీ పనివారూ ఉన్నారు. 1920ల నాటికి లోయలో రాగి ఖనిజం కరిగించడం ఆగిపోయింది. మిగిలింది రేకులు, గొట్టాలు సాగదీసే పని. 1924లో హవోడ్, మోర్వా కంపెనీలు ఏకమయ్యాయి. వందేళ్ల గోడకు అర్థం లేకుండా పోయింది. తరువాత ఐ.సి.ఐ. వారి చేతికి, 1957లో యార్క్‌షైర్ ఇంపీరియల్ మెటల్స్ వారి చేతికి వచ్చి, 1980లో మూతపడింది. మొత్తం 170 ఏళ్లు.

యజమానులు మారారు, వెళ్లిపోయారు. చిట్టెం మాత్రం ఎక్కడికీ పోలేదు. 1960 ప్రాంతానికి ఆ లోయలో సుమారు 1,200 ఎకరాల నేల పాడుపడి ఉంది. దాని మీద 70 లక్షల టన్నుల చిట్టెం గుట్టలు. రాగి, జింకు విషానికి గడ్డిపోచ మొలవదు. మొక్క లేదు గనుక వాన పడితే మన్ను కొట్టుకుపోయేది. కూలిన చిమ్నీలు, నల్లటి గుట్టలు, మధ్యలో మురికి నది. ఊరికి వచ్చే రైలు ఈ లోయ మీదుగానే రావాలి. ఊరి ముఖం అదే కదా అందరికీ.

ఇక్కడి నుంచి నా శాఖకు సంబంధించిన కథ. 1961లో స్వాన్సీ యూనివర్సిటీ కాలేజీవారు ఆ లోయను గురించి ఒక పరిశోధన ప్రారంభించారు. నఫీల్డ్ ఫౌండేషన్ వంటి సంస్థలు, ప్రభుత్వ శాఖలు, ఊరి కౌన్సిలు డబ్బు ఇచ్చాయి. ఆ కాలేజీ ఆఫీసు ఉన్న భవనం పేరు సింగిల్టన్ యాబీ. అది ఒకప్పుడు ఎవరి ఇల్లనుకున్నారు? సాక్షాత్తు జాన్ హెన్రీ వివియన్‌గారిది. ఆయన పొగ పడని దిక్కున కట్టుకున్న ఆ బంగళా నుంచే పొగ చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం నడిచింది.

నివేదిక 1967లో పుస్తకంగా వచ్చింది. నేలలో ఏముంది, నీళ్లు ఎటు పోతాయి, ఏ గుట్ట ఎంత బరువు మోస్తుంది, అన్నీ ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించింది వేరే. బాగుచేసే విద్య లేక ఆ లోయ అలా పడిలేదు. భూమి ముక్కలు ముక్కలుగా అనేకమంది చేతుల్లో ఉంది. ఏ ఒక్కరికీ బాధ్యత లేదు. కొందరికి ఆ చిట్టెం కూడా ఆస్తే, రోడ్ల కింద పోయడానికి అమ్ముకోవచ్చు. భూసేకరణ పని చేసినవారెవరికైనా ఈ పరిస్థితి కళ్లకు కట్టినట్టుంటుంది. మందు తెలిసినా, పట్టా ఎవరిదో తేలేదాకా వైద్యం మొదలు కాదు. కాబట్టి కౌన్సిలువారే ఒక్కొక్క ముక్క కొనడం మొదలుపెట్టారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది. ఆ కొనుగోళ్ల వెనుక ఎన్ని నోట్లు, ఎన్ని రిమైండర్లు, ఎన్ని అభ్యంతరాలు ఉంటాయో నేను ఊహించగలను. ఆ రాసినవారి పేర్లు ఏ బోర్డు మీదా లేవు. ఉండవు కూడా.

1966 అక్టోబరులో అదే వేల్స్‌లోని అబెర్వాన్ గ్రామం మీద బొగ్గుగని గుట్ట జారిపడి 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. దానితో ప్రభుత్వం కదిలింది, గుట్టలు తొలగించడానికి డబ్బు సులువుగా రావడం మొదలైంది. అంతమంది పసివాళ్లు పోతే గాని ఫైలు కదలలేదు అన్నది అక్కడివారు కూడా బాధతో చెప్పుకునే మాట.

పనులు ఎలా జరిగాయో విడ్డూరంగా ఉంటుంది. పాత భవనాలను మిలిటరీవారు తమ శిక్షణలో భాగంగా కూల్చిపెట్టారు. అటవీ శాఖవారు లక్షకు పైగా చెట్లు నాటించారు. మొదట్లో కుర్రకారు ఆ మొక్కలకు నిప్పు పెట్టేవారు. కంచె వేస్తే ఆగలేదు, కాపలా పెడితే ఆగలేదు. చివరకు సంరక్షణ ఉద్యోగి ఒకాయన బడులకు వెళ్లి, పిల్లలచేతనే మొక్కలు నాటించాడు. తాము నాటిన మొక్కను తాము తగలబెట్టుకోరు గదా. నిప్పు తగ్గింది. మరి విషపు నేల మీద గడ్డి? పాత గనుల దగ్గర ఎలాగో బతికి బట్టకట్టిన గడ్డిజాతులను శాస్త్రవేత్తలు వెతికి, వాటి విత్తనం పెంచారు. ఒకదాని పేరు మెర్లిన్. ఇంకొకదానికి అది దొరికిన పాత రాగి గని పేరే, పారిస్, పెట్టారు (ఫ్రాన్సులోని పారిస్ కాదు, వేల్స్‌లోని కొండ). లోహానికి అలవాటుపడిన గడ్డి అన్నమాట. మన పెన్షనర్లు డి.ఏ. బకాయిలకు అలవాటుపడినట్టు!

1981లో బ్రిటన్‌లో మొట్టమొదటి ఎంటర్‌ప్రైజ్ జోన్ ఈ లోయలోనే పెట్టారు. పన్ను రాయితీలిచ్చి పరిశ్రమలను పిలిచారు. వచ్చినవాటిలో పెద్ద పెద్ద దుకాణాలే ఎక్కువగా కనిపిస్తాయి. 1992లో నది మొగ దగ్గర ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపారు. 2005లో మోర్వా పక్కన ఫుట్‌బాల్, రగ్బీ ఆటలకు పెద్ద స్టేడియం తెరిచారు. దాని పక్కనే బజారు. అక్కడ మా ఆవిడ దుప్పటి కొనుక్కుంది. పచ్చదనం వచ్చింది, నీళ్లు తేటపడ్డాయి, సందేహం లేదు. కానీ గరిటెలో రాగి విరుపు చూసి చెప్పగల మనిషి చేసేపని, దుకాణంలో బిల్లు కొట్టే పని ఒక్కటి కావు. గుట్టలు పోయినంత సులువుగా ఆ వెలితి పూడలేదని అక్కడి ముసలివారి మాటల్లో నాకు తోచింది. బస్సు స్టాపులో పరిచయమైన ఒకాయన, వాళ్ల నాన్న ఆ కర్మాగారంలోనే చేశాడట, స్టేడియం వైపు చూసి, అప్పట్లో శనివారం ఆట చూడ్డానికి డబ్బు ఈ స్థలమే ఇచ్చేది, ఇప్పుడు ఈ స్థలమే తీసుకుంటోంది అన్నాడు.

హవోడ్, మోర్వా స్థలంలో ఇంకా పాత కట్టడాలు కొన్ని నిలిచి ఉన్నాయి. రేకులు సాగదీసే మిల్లును నడిపిన మస్‌గ్రేవ్ ఆవిరి యంత్రం, 1910 నాటిది, ఇంకా అక్కడే ఉంది. 1980 తరువాత చాలాకాలం ఆ భవనాలు పైకప్పులు కూలి, పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉన్నాయి. స్థలంలో కొంత మేర కార్లు నిలిపి బస్సు ఎక్కడానికి వాడారు. యూనివర్సిటీ, కౌన్సిలు కలిసి మళ్లీ పూనుకొన్నాయి. లాటరీ నిధి నుంచి వచ్చిన గ్రాంటుతో పాత పవర్‌హౌసును బాగుచేసి, 2023లో అందులో పెండెరిన్ అనే కంపెనీవారి విస్కీ బట్టీ తెరిచారు. విస్కీ కాచే పాత్రలు రాగివే. మద్యం బట్టీ పెట్టడం ఏమిటని మా ఆవిడ ముఖం చిట్లించింది గాని, పైకప్పు నిలవాలంటే అద్దె కట్టేవాడు ఒకడు ఉండాలి గదా అని నేనన్నాను. మా వాదం ఇంకా తేలలేదు.

మన విశాఖలో మింది దగ్గర హిందుస్థాన్ జింక్ స్మెల్టరు 1977లో మొదలై 2012లో ఆగిపోయిన సంగతి మనకు తెలుసు. అందులో పనిచేసినవారి కుటుంబాలు మన పాఠకులలోనూ ఉండవచ్చు. ఆ కొలుముల సంగతి, కాలనీ సంగతి తెలిసినవారు జ్ఞాపకం ఉన్నంతలో రాసి మన పత్రికకు పంపితే బాగుంటుంది. స్వాన్సీవారికి పాత కార్మికుల మాటలు పోగుచేసుకోవాలని తోచేసరికే చాలామంది వెళ్లిపోయారు.

పిల్లలు ఆ ప్రాంతంలో ఉన్నవారెవరైనా వెళితే, లాండోర్ వైపు బస్సెక్కి స్టేడియం దగ్గర దిగి నదివెంట నడవండి. బాట చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు కూడా మెల్లగా నడవగలరు. దారిలో పాత ప్రహరీల మీద నల్లగా, గాజులా మెరిసే దిమ్మలు పేర్చి కనిపిస్తాయి. అవి రాళ్లు కావు. అప్పట్లో చిట్టెం వేడిగా ఉండగానే అచ్చుల్లో పోసి చేసిన ఇటుకలు.